జెర్రీ లాసన్ పేరిటి నిధి



అమెరికా సంయుక్త రాష్ట్రములలో, లాస్ ఏంజిలిస్ నగరమందలి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, 2021వ సంవత్సరము మే నెలలో ఒక శాశ్వతనిధి వెలసినది. వీడియో గేములను నిర్మించి ప్రచురించు టేక్-టూ ఇంటరాక్టివ్ అను సంస్థ దానికి మూలధనమిచ్చినది. ఆ విశ్వవిద్యాలయములో గేముల రూపకల్పననో, గేములకు వలసిన కంప్యూటర్ శాస్త్రమునో అభ్యసింపగోరు నల్లజాతి విద్యార్థులకును, ఆ భూమికి ఆదినుండి వాసులైన జాతుల విద్యార్థులకును ఆ నిధి తోడ్పడును. దానికి జెరాల్డ్ లాసన్ అను ఇంజనీరు పేరు పెట్టిరి. జెర్రీ యని పదుగురిచే పిలువబడిన ఆ మహాశయుడు అప్పటికి పదేండ్ల క్రిందటనే గతించెను. ఆయన జీవించియున్న కాలములో, ఆయన పనివలన బాగుపడిన వ్యాపారమునకే ఆయన పేరు చాలవరకు తెలియకపోయెను.

వీడియో గేములను వృత్తిగా చేపట్టదలచిన యువకులకు, యువతులకు కళాశాలలలో లభించు విద్యార్థివేతనములను గూర్చి నేడు ముచ్చటింపదలచి, ముందుగా ఒక్క మనుష్యుని చరిత్రమును విన్నవించుటకు నాకు బలమైన కారణము కలదు. ఇట్టి చదువునకు ధనసహాయ మేల, అది ఎవనికి చేయవలెను, చేసిన ఫలమేమి యను ప్రశ్నలకు ఆయన జీవితములో దొరకినంత స్పష్టమైన సమాధానము నాకు మరియొకచోట దొరకలేదు.

లాసన్ 1940 డిసెంబరు 1వ తేదీన న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ భాగములో జన్మించి, క్వీన్స్ భాగములో, ప్రభుత్వము కట్టించిన గృహసముదాయమునందు పెరిగెను. తండ్రి ఓడరేవులో సరకులు దించు కార్మికుడు. ఐనను విజ్ఞానశాస్త్రమునందు అపారమైన ఆసక్తి కలవాడు. తాత భౌతికశాస్త్రము చదివియు, నల్లవాడగుటచే ఆ శాస్త్రములో ముందునకు పోవు దారి మూసుకొనిపోగా, తపాలాశాఖలో కాలము గడపెనని లాసన్ తానే చెప్పినాడు. తల్లి మిక్కిలి పట్టుదల గల ఇల్లాలు. కుమారుని ఏ పాఠశాలలో చేర్పవలెనో నిశ్చయించుటకు ఆమె స్వయముగ పాఠశాలలకు పోయి, ఉపాధ్యాయులతో మాటలాడి, వారి తీరు తెలిసికొని, నచ్చినచోటనే చేర్పించెడిది. అది ఇంటికి దూరమైనను లెక్కచేసెడిది కాదు. ఒకటవ తరగతిలో ఉపాధ్యాయిని యొకర్తె, బానిసకుటుంబమున బుట్టి శాస్త్రజ్ఞుడై పేరొందిన జార్జి వాషింగ్టన్ కార్వర్ చిత్రమును బాలుడు కూర్చుండు బల్లప్రక్కన ఉంచి, నీవును ఇట్టివాడవు కాగలవని చెప్పినదట. రేడియో వినుచున్న మీకు ఇంకొక సంగతి చెప్పవలెను. లాసన్ పదమూడేండ్ల ప్రాయముననే హామ్ రేడియో అనుమతిపత్రమును సంపాదించి, తన గదిలోనే ప్రసారయంత్రమును తన చేతులతో కట్టుకొని, కనబడని మనుష్యులతో సంభాషించెడివాడు. కొంత యెదిగిన పిమ్మట ఇండ్లకు పోయి టెలివిజన్ పెట్టెలు బాగుచేసి డబ్బు గడించెను. క్వీన్స్ కళాశాలలోను, న్యూయార్కు సిటీ కళాశాలలోను చేరెను. కాని పట్టము పుచ్చుకొనలేదు.

ఈ పట్టములేని ఇంజనీరు కాలిఫోర్నియాకు వలసపోయి, ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అను సంస్థలో చేరి, తీరికవేళల తన ఇంటి గ్యారేజీలో నాణెము వేసి ఆడు ఒక ఆటయంత్రమును నిర్మించెను. సంస్థవారికి ఆ సంగతి తెలిసెను. వారు మందలింపక, ఇంటింట టెలివిజనుకు తగిలించి ఆడుకొనదగిన యంత్రమొకటి తయారుచేయు బాధ్యతను ఆయనకే అప్పగించిరి. అంతకు ముందు ఇండ్లలో ఆడుకొను యంత్రములలో ఆటలు యంత్రముతోడనే పుట్టి యంత్రముతోడనే ముగిసెడివి. లోపల తీగెలు ఎట్లు కలిపియుండిన అట్లే ఆడవలెను, ఆ నాలుగాటలు విసుగుపుట్టినచో యంత్రము మూలబడవలసినదే. ఆటను జ్ఞాపకశక్తి గల చిన్న చిప్పులో నిక్షేపించి, యంత్రమునుండి విడదీసి, కార్ట్రిడ్జి అను తొలగింపదగిన పెట్టెలో పెట్టవచ్చునను మూలభావనను ఆల్పెక్స్ అను మరియొక సంస్థకు చెందిన ఇద్దరు ఇంజనీర్లు, కిర్ష్‌నర్, హాస్కెల్ అనువారు, రూపొందించియుండిరి. ఆ భావనను సామాన్యగృహస్థుని ఇంటికి చేర్పదగిన వస్తువుగ మలచినది లాసన్ నాయకత్వమునందలి బృందము. పిల్లలు దినమునకు పదిమారులు పెట్టి తీసినను అరిగిపోరాదు. వ్రేలినుండి పుట్టు విద్యుత్తు తగిలి చిప్పు మాడిపోరాదు. ఆ యంత్రమునుండి వెలువడు తరంగములు పొరుగింటి రేడియోకు, టెలివిజనుకు అంతరాయము కలిగింపరాదని అమెరికా ప్రభుత్వప్రసారసంఘము విధించిన కఠిననిబంధనలకు లోబడవలెను. ఈ చిక్కులన్నియు విడిపోయి, 1976 నవంబరులో ఫెయిర్‌చైల్డ్ ఛానెల్-ఎఫ్ అను యంత్రము విపణికి వచ్చెను. ఆటను మధ్యలో నిలిపి, మరల అచ్చటినుండి సాగించుటకు అందులో ఒక మీటయు నుండెను.

ఛానెల్-ఎఫ్ వ్యాపారమున గెలువలేదు. మరుసటి యేడు వచ్చిన అటారీ యంత్రము దానిని మించిపోయెను. ఐనను లాసన్ బృందము తెచ్చిన కార్ట్రిడ్జి పద్ధతియే అటారీవారును అవలంబించిరి. దానివలన కలిగిన పరిణామము మన విషయమునకు ప్రాణమువంటిది. ఆట యంత్రమునుండి వేరుపడగానే, యంత్రమును చేయువాడొకడు, ఆటను చేయువాడొకడు కావచ్చునని తేలినది. 1979లో అటారీనుండి వెలుపలికి వచ్చిన కొందరు ప్రోగ్రామర్లు యంత్రములను తయారుచేయు పని పెట్టుకొనక, ఆటలనే తయారుచేయుటకై యాక్టివిజన్ అను సంస్థను స్థాపించిరి. లాసన్ కూడ తరువాత అట్టి సంస్థ నొకదానిని నెలకొల్పెను. నేడు కళాశాలలో చేరి గేమ్ డిజైనరును కావలెను, గేమ్ ప్రోగ్రామరును కావలెను అని కోరుకొను విద్యార్థి ఏ వృత్తిని కోరుచున్నాడో, ఆ వృత్తి అట్టి వేర్పాటువలన ఏర్పడిన వృత్తియే. 2011 మార్చిలో గేములు నిర్మించువారి అంతర్జాతీయసంఘము ఆయనను మార్గదర్శకునిగ సన్మానించెను. ఆ మరుసటి నెలలోనే ఆయన కన్నుమూసెను.

లాసన్‌వంటివాడు విద్యార్థివేతనము లేకయే పైకి రాగలిగెను గదా, ఇక నిధు లెందులకని ఎవరైన అడుగవచ్చును. ఆ వాదమును నేను అంగీకరింపను. ఆయన తాతకును ప్రజ్ఞ యుండెను. ఆ ప్రజ్ఞకు తపాలాశాఖయే గతియయ్యెను. పాఠశాలలను వెదకిన తల్లియు, పుస్తకములను ప్రేమించిన తండ్రియు, బల్లప్రక్కన చిత్రము నుంచిన ఉపాధ్యాయినియు, గ్యారేజీలోని పనిని తప్పుగ నెంచని యజమానియు, ఇందరు ఒక్కని విషయములో ఒక్కటైరి. అట్టి సంయోగము తనంత తాను సంభవించునని ఎదురుచూచుట దేశమునకు తగినపని కాదు. ఆ కొరతను తీర్చుటకే నిధియను వ్యవస్థ ఏర్పడినది. మనదేశమునను వారాలు చేసికొని చదువుకొనిన వారు పూర్వతరములో ఎందరో యుండిరి. సోమవారము ఒక ఇంట, మంగళవారము మరియొక ఇంట భోజనము చేసి, వీధిదీపముక్రింద పాఠము వల్లించి, పిమ్మట న్యాయవాదులును, వైద్యులును, ఆచార్యులును అయినవారి కథలు మన ఇండ్లలో నేటికిని వినబడును. ఏడిండ్లవారు పంచుకొనిన ఆ భారమునే శాశ్వతనిధి తానొక్కటియే మోయును.

ఇచ్చట ఒక అపార్థమును తొలగింపక ముందునకు పోజాలను. వీడియో గేమ్ అనగానే మన తల్లిదండ్రుల మనస్సులలో మూడు వేర్వేరు వస్తువులు ఒకదానితో నొకటి కలిసిపోవుచున్నవి. డబ్బు పెట్టి ఆడు రమ్మీవంటి జూదము ఒకటి. దానిని తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి, 2025లో కేంద్రప్రభుత్వమును శాసనము చేసినది. దానితో మన ప్రసంగమునకు సంబంధము లేదు. పోటీలలో ఆడి గెలుచుట రెండవది. దీనినే ఈ-స్పోర్ట్స్ అనుచున్నారు. ఆటను స్వయముగ నిర్మించుట మూడవది. రెండవదానికిని, మూడవదానికిని అమెరికా కళాశాలలలో వేతనములు కలవు. కాని ఆ రెండింటి స్వభావము వేరు.

ఆటగాండ్రకు వేతనమిచ్చు పద్ధతికి దారితీసినది చికాగో నగరమందలి రాబర్ట్ మారిస్ విశ్వవిద్యాలయము. 2014లో ఆ చిన్న విద్యాసంస్థ లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను ఆటను తన క్రీడాశాఖలో చేర్చి, ఫుట్‌బాల్ ఆటగానికి ఇచ్చినట్లే, ఎంపికయైన ఆటగానికి బోధనారుసుములో సగమువరకును, వసతి భోజనముల వ్యయములో సగమువరకును ఇత్తునని ప్రకటించినప్పుడు పత్రికలన్నియు ఆశ్చర్యముతో వ్రాసినవి. రెండేండ్లలో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఆటకై ప్రత్యేకమైన మందిరమునే కట్టినది. పలుకళాశాలలు కలిసి ఒక జాతీయసంఘముగ ఏర్పడినవి. పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ విశ్వవిద్యాలయము తన జట్టులోని ఆటగాండ్ర కందరికిని పూర్తి బోధనారుసుమును భరించెను. ఈ పద్ధతిని తృణీకరించువారిలో నేను లేను. చదువు మానివేసి ఆటలో మునిగిపోవునని తల్లి భయపడిన కుర్రవాడు, ఆ ఆటవలననే కళాశాలలో అడుగుపెట్టి, వ్యాపారశాస్త్రమో గణితమో చదివి పట్టము పుచ్చుకొనినచో, ఆ ధనము సద్వినియోగమైనట్లే. ఐనను చేతివేగముమీద ఆధారపడిన ఆటగాని వృత్తి తరచు చిన్నవయస్సుననే సన్నగిల్లును. అతడు పోటీపడు ఆట ఒక సంస్థయొక్క సొత్తు, ఆ సంస్థ దానిని మార్చినను మానివేసినను అతడు చేయగలది లేదు. కళాశాలకు కూడ ఇందులో ప్రకటనలాభము పెద్దది. కాబట్టి ఇట్టి వేతనమును స్వీకరించు విద్యార్థి, జట్టునుండి తొలగినను వేతనము నిలుచునా, గాయపడి చేయి నొచ్చినచో ఏమగును, తరగతులకు హాజరగుటకు సమయముండునా యను ప్రశ్నలకు లిఖితపూర్వకముగ సమాధానము పొందవలెను.

నా హృదయము మాత్రము మూడవదానివైపే మొగ్గును. ఆటను నిర్మించు విద్యకు అమెరికాలో ఇప్పుడు మంచి పీఠములు కలవు. వాషింగ్టన్ రాష్ట్రమందలి రెడ్‌మండ్ పట్టణమున డిజిపెన్ అను విద్యాలయము 1998నుండి ఈ విద్యకే అంకితమైయున్నది. పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రాండీ పాష్ అను కంప్యూటర్ శాస్త్రాచార్యుడు, డాన్ మారినెల్లి అను నాటకశాస్త్రాచార్యుడు కలిసి స్థాపించిన ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీ సెంటరులో ప్రోగ్రామరును, చిత్రకారుడును ఒక్క బృందములో కూర్చుండి పనిచేయుదురు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చలనచిత్రకళాశాలయు, ఇంజనీరింగు కళాశాలయు ఉమ్మడిగ ఈ విద్యను నేర్పుచున్నవి. అచ్చటి శాఖకు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2004లో ఎనుబది లక్షల డాలర్లు దానము చేసినది.

ఇట్టి చదువును, దానికి తోడైన దానములును ఏమి ఫలించినవని అడిగినచో రెండు ఉదాహరణములు చెప్పెదను. షాంఘైనుండి వచ్చి సదరన్ కాలిఫోర్నియాలో చదివిన జెనోవా చెన్ అను విద్యార్థియు, అతని సహాధ్యాయులును 2005లో క్లౌడ్ అను చిన్న ఆటను చేసిరి. ప్రయోగాత్మకమైన ఆటలకొరకు విశ్వవిద్యాలయము కేటాయించిన ఇరువదివేల డాలర్ల గ్రాంటు దానికి ఆధారము. ఆస్పత్రిమంచముపై పడుకొనిన పిల్లవాడు స్వప్నమున ఆకాశమునకెగిరి మేఘములను తోచినట్లు పేర్చుకొనుట, అంతియే ఆట. శత్రువు లేడు, కాల్చుట లేదు. చిన్ననాట ఉబ్బసముతో బాధపడి ఆస్పత్రిలో గడపిన తన దినములనుండియే చెన్ ఆ భావనను తీసికొనెను. లాభనష్టములు లెక్కించు ఏ ప్రచురణకర్తయు నాడు దానికి డబ్బు పెట్టియుండడు. ఆ బృందమునుండి పుట్టిన సంస్థయే 2012లో జర్నీ అను ఆటను వెలువరించెను. దాని సంగీతసంపుటము గ్రామీ పురస్కారపు పరిశీలనకు ఎంపికైన తొలి వీడియో గేమ్ సంగీతసంపుటమయ్యెను. అట్లే డిజిపెన్ విద్యార్థులు 2005లో చదువులో భాగముగ నార్బాక్యులర్ డ్రాప్ అను ఆటను చేయగా, వాల్వ్ సంస్థ ఆ విద్యార్థి బృందమునే పనిలోనికి తీసికొనెను. ఆ భావనయే పెరిగి 2007లో పోర్టల్ అను ప్రసిద్ధమైన ఆటయయ్యెను.

ఇట్టి సాహసము అప్పులేని విద్యార్థికే సాధ్యమని నా దృఢవిశ్వాసము. సదరన్ కాలిఫోర్నియాలో ఇటీవలి సంవత్సరములలో బోధనారుసుమే సాలుకు 65,000 డాలర్లను మించినది. వసతి, భోజనము వేరు. అమెరికాలో విద్యార్థుల ఋణమంతయు కలిసి 1.6 లక్షల కోట్ల డాలర్లకు పైబడియున్నది. గేముల పరిశ్రమ నిలుకడ గలదియు కాదు. 2023, 2024 సంవత్సరములలో పెద్ద సంస్థలును వేలకొలది ఉద్యోగులను తొలగించినవి. ఋణము నెత్తిపై పెట్టుకొని చదివినవాడు మొదట దొరకిన కొలువులో చేరి, రాత్రింబగళ్లు ఎవరో చెప్పిన ఆటకే మెరుగులు దిద్దవలసివచ్చును. వాని తలలోని మేఘములు తలలోనే యుండిపోవును. తండ్రి భరింపగలిగిన పిల్లలే ప్రయోగము చేయగల స్థితి వచ్చినచో, కోట్లమంది ఆడుకొను కథలన్నియు ఒక్కరీతి ఇండ్లలో పుట్టిపెరిగిన వారి కథలే యగును.

ఈ సత్యమును గుర్తించిన సంస్థలు కొన్ని కలవు. అమెరికాలోని గేమ్ సంస్థల వాణిజ్యసంఘమునకు చెందిన ఈఎస్ఏ ఫౌండేషను, గేముల వృత్తికి దారితీయు చదువులు చదువు స్త్రీలకును, అల్పసంఖ్యాక వర్గముల విద్యార్థులకును 2007నుండి వేతనములిచ్చుచు వచ్చినది. చిరకాలము ఒక్కొక్కరికి మూడువేల డాలర్ల చొప్పున ఇచ్చినది. రాండీ పాష్ 2007 సెప్టెంబరులో, క్యాన్సరు తన ప్రాణములను హరించుచున్నదని తెలిసియు, తన బాల్యస్వప్నములను గూర్చి చేసిన కడపటి ఉపన్యాసము ప్రపంచమంతట వినబడినది. మరుసటి యేడు జూలైలో ఆయన నలువదియేడేండ్ల వయస్సున దివంగతుడు కాగా, ఆయన పేరిట గేముల నిర్మాతల అకాడమీ విద్యార్థివేతన నిధిని నెలకొల్పినది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రతివత్సరము జరుగు గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్సుకు విద్యార్థులను పంపి, అనుభవజ్ఞులతో పరిచయము కలిగించు సహాయములును కలవు. రూపాయలలో లెక్కింపదగినంత ధనము చేతికి రాకపోయినను, ఏ బంధువును లేని వృత్తిలో ఒక పెద్దమనిషి పరిచయము దొరకుట విలువలేని సహాయమని నేననను.

మూడువేల డాలర్లు అరువదియైదువేలలో ఏ మూలకు వచ్చును? ఈ ప్రశ్న న్యాయమైనది. మంచి కంప్యూటరునకో, ఒక వేసవిలో జీతములేని శిక్షణకో అవి చాలును గాని, చదువును భరింపలేవు. దాతలు ఈ లెక్కను ధైర్యముగ చూడవలెను. శాశ్వతనిధిలో మూలధనమును కదపక, నిధి మొత్తపు విలువలో వందకు నాలుగైదు వంతులే ఏటేట వెచ్చించుట అచ్చటి విశ్వవిద్యాలయముల మర్యాద. పదిలక్షల డాలర్లు మూలధనముగ నుంచినను, నాలుగున్నర వంతుల చొప్పున సంవత్సరమునకు 45,000 డాలర్లే చేతికి వచ్చును. అది ఒక్క విద్యార్థి బోధనారుసుమునకైనను పూర్తిగ సరిపోదు. కోట్ల డాలర్ల లాభములు గడించు పరిశ్రమ తన పేరు పత్రికలలో పడుటకు ఎంత ఇచ్చుచున్నదో, ఆ పేరు నిలుచుటకు ఎంత ఇయ్యవలసియున్నదో ఈ లెక్కయే చెప్పును. లాసన్ నిధికి ఆయన పేరు పెట్టుట గౌరవమే. ఆ గౌరవము నిధి పరిమాణములోను కనబడవలెనని కోరుట తప్పు కాజాలదు.

తెలుగు కుటుంబములవారు ఒక నిబంధనను ముందే తెలిసికొనవలెను. నేను చెప్పిన వేతనములలో కొన్ని అమెరికా పౌరులకే పరిమితములు. అచ్చట పుట్టిన తెలుగు బిడ్డలకు అవి తెరచియున్న ద్వారములు. ఇచ్చటినుండి వీసాపై పోవు విద్యార్థులకు అట్లు కాదు. వీరికి విశ్వవిద్యాలయములే ప్రతిభనుబట్టి ఇచ్చు రాయితీలు, ఆచార్యులకు తోడ్పడి సంపాదించు అసిస్టెంట్‌షిప్పులు, మనదేశమునుండి 1892నుండియు విదేశవిద్యకు ఋణరూపమైన సహాయము చేయుచున్న జె.ఎన్. టాటా ఎండోమెంటువంటి నిధులు ఆశ్రయములు. ఋణమైనను అది మర్యాదగల ఋణము.

దరఖాస్తు పెట్టువారికి ఒక ముఖ్యవిషయము. ఈ రంగములో మార్కుల పత్రముకంటె విద్యార్థి స్వయముగ చేసిన పనుల సంపుటికి, అనగా పోర్ట్‌ఫోలియోకు, ఎక్కువ విలువ. మహాకావ్యమువలె ఊహించి మధ్యలో విడిచిన ఆటకంటె, అయిదు నిమిషములలో ఆడి ముగింపదగిన పూర్తియైన ఆట పరీక్షకుని ఎక్కువగ ఒప్పించును. గోడో, బ్లెండర్ అను సాధనములు ఉచితముగ లభించును. సామాన్యమైన కంప్యూటరున్న చాలును. సామాన్యముగ నలువదియెనిమిది గంటలలో ఆటను చేసి చూపు గ్లోబల్ గేమ్ జామ్ అను సమావేశములు 2009నుండి ప్రపంచమంతట జరుగుచున్నవి. అందులో పాల్గొని, నలుగురితో కలిసి పనిచేయుట నేర్చినవాడు ఏ పని తనది, ఏ పని తోటివారిదియో నిజాయితీగ వ్రాసినచో, ఆ వాక్యములే పరీక్షకుల మన్నన పొందును.

మనదేశమునను ఈ విద్య మొలకెత్తినది. బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ శాఖలో గేముల రూపకల్పనకు స్నాతకోత్తర తరగతి కలదు. యానిమేషను, దృశ్యప్రభావములు, గేములు మున్నగువాని అభివృద్ధికై కేంద్రప్రభుత్వము 2022లో ఒక కార్యదళమును నియమించినది. పుణేకు చెందిన చిన్న బృందము 2020లో విడుదలచేసిన రాజీ అను ఆట, పురాణకథలను తోలుబొమ్మలను తలపించు నీడచిత్రములతో చెప్పి, పరదేశములలోను మెప్పు పొందినది. సదరన్ కాలిఫోర్నియాకు ఎనుబది లక్షల డాలర్లిచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు హైదరాబాదులో పెద్ద కార్యాలయమున్నది. తెలుగు యువకులు అందులో పనిచేయుచున్నారు. ఆ నగరముననే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయములో యానిమేషను బోధింపబడుచున్నది. మన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకము లక్షలాది బీదపిల్లలను ఇంజనీరింగు కళాశాలలకు చేర్చిన మాట వాస్తవము; ఆ పథకము ఫలమును నేను తక్కువచేయను. కాని చిత్రము గీయు చేయి, కథ అల్లు మనస్సు గల పిల్లవాడును, రుసుము తిరిగివచ్చునను నమ్మకమున్న చోటికే, అనగా ఇంజనీరింగునకే, తన ఇచ్ఛకు వ్యతిరేకముగ పోవుచున్నాడు.

అందుచే ఒక ప్రతిపాదనము చేయుచున్నాను. అమెరికాలోని తెలుగు సంఘములును, హైదరాబాదులోని గేమ్ సంస్థలును కలిసి కోటిరూపాయల మూలధనముతో ఒక నిధిని ఏర్పరచినచో, వందకు ఆరు చొప్పున సాలుకు ఆరులక్షలు వచ్చును. పదిమంది విద్యార్థులకు నెలకు ఐదువేల చొప్పున పన్నెండు నెలలును ఇయ్యవచ్చును. ఆ పదిమందిలో కొందరిని ధర్మవరము సమీపమున నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములనుండియు, చేర్యాలలో నకాశీ పటములు వ్రాయు కుటుంబములనుండియు ఎన్నుకొనవలెను. మోచేయి ఎచ్చట వంగవలెనో, ఏ కీలు కదపినచో బొమ్మ నడచినట్లుండునో ఎరిగిన పిల్లలకు కంప్యూటరు తెరమీద పాత్రకు ఎముకలు కూర్చు విద్య పరాయిదిగ తోచదు. దరఖాస్తును తెలుగులో వ్రాయుటకు అనుమతి యుండవలెను. ఇంటర్మీడియట్‌లో వచ్చిన మార్కులకు హద్దు పెట్టరాదు. పని చూపమని మాత్రమే అడుగవలెను. ఎంపికసంఘములో ఒక ప్రోగ్రామరు, ఒక చిత్రకారుడు, ఒక కథకుడు, ఒక బొమ్మలాట కళాకారుడు తప్పక కూర్చుండవలెను. ఎంపికయైన బాలికల సంఖ్య ఐదుకు తగ్గరాదు. మొదటి యేట పదిమంది చేసిన ఆటలను అందరును ఉచితముగ ఆడుకొనునట్లు వెలువరించినచో, రెండవ యేట మూలధనమును ఇనుమడింపుమని దాతలను అడుగుటకు ఆ ఆటలే చాలును.